మా ఆఫీసు కుంజీ చదువు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేసి ఒకటే అడుగుతారు. సమాచార భద్రత సర్టిఫికెట్ పరీక్షకి ఏ పుస్తకం కొనాలి సార్ అని. పుస్తకం పేరు చెప్పడం నిమిషం పని. కానీ ముందు ఒక సంగతి వినండి, తర్వాత చెబుతాను అంటాను. సగంమంది అక్కడే ఏదో పని గుర్తొచ్చి ఫోన్ పెట్టేస్తారు. మిగిలిన సగంమంది కోసం ఇది రాస్తున్నాను. రిటైరై ఇన్నేళ్లయినా ఆ రోజులు తలచుకుంటే నా ఒళ్లు మండుతుంది. నేను ఆ ఊసెత్తితే చాలు, మా ఆవిడ టీవీ సౌండు పెంచేస్తుంది. కాబట్టి శాంతంగా రాస్తానని మాట ఇవ్వలేను.

రాయపూర్‌లో పెరిగినవాళ్లకి కుంజీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆంధ్రాలో గైడు అంటారు. పాఠంతో పని లేకుండా ప్రశ్నలు, వాటి జవాబులు. ఇక్కడ అయిదో క్లాసు నుంచి ఎమ్మే దాకా కుంజీ లేని పరీక్ష లేదు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో ఫిట్టరుగా చేరాడు. మా క్వార్టరులో కుంజీ కనపడితే చింపి పొయ్యిలో పెట్టేవాడు. "ఇంజను కింద దూరినోడికి జవాబు తెలిస్తే సాలదురా, ఎందుకో తెలవాల" అనేవాడు. నేను పెద్ద చదువరిని కాలేదు గానీ, ఆ మాట మాత్రం నాకు ఒంటబట్టింది. ఉద్యోగంలో నాకు శత్రువుల్ని తెచ్చిపెట్టింది కూడా ఆ మాటే.

మాది ప్రభుత్వ ఆఫీసు. దాని పేరు అనవసరం. పాత ఊళ్లోంచి నయా రాయపూర్‌కి మారాక, పొద్దున్నే స్టాఫ్ బస్సెక్కి, మనుషులు లేని ఆ వెడల్పాటి రోడ్ల మీద వెళ్లి, సాయంత్రం మళ్లీ ఆ బస్సులోనే తిరిగి వచ్చేవాళ్లం. నేను సర్వర్ గది చూసేవాణ్ని. జనం దస్తావేజులన్నీ ఆ గదిలోని పెట్టెల్లో ఉండేవి. ఒకరోజు పైనుంచి హుకుం వచ్చింది. ఆడిట్ వస్తోంది కాబట్టి, ప్రతి ఆఫీసులోనూ సమాచార భద్రతలో అంతర్జాతీయ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఉండి తీరాలని. మా సాబ్, అంటే మా ఆఫీసు పెద్ద, ఆరుగురు పర్మనెంటు ఉద్యోగుల్ని ఎంపిక చేశాడు. నేను రిటైర్మెంటుకి దగ్గర పడ్డానని నన్ను వదిలేశాడు. అందుకు నేనేమీ బాధపడలేదు.

ఏడో మనిషి సంవిదా ఉద్యోగిని. కాంట్రాక్టు ఉద్యోగుల్ని ఇక్కడ సంవిదా వాళ్లంటారు. ఏడాదికోసారి వాళ్ల ప్రాణం గాల్లో వేలాడుతుంది, రిన్యూవల్ కాగితం మీద సంతకం పడేదాకా. ఆమెకి ముప్పై దాటాయి. రాయపూర్‌లోనే గుఢియారీలో ఇల్లు, వాళ్లదీ తెలుగు కుటుంబమే. వాళ్ల నాన్న కూడా మా నాన్నలాగే రైల్వే, పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మొగుడు తిల్దాలో రైస్ మిల్లులో పనిచేసేవాడు. సీజన్లో రోజూ లోకల్ బండిలో వెళ్లి వచ్చేవాడు. సీజన్ అయిపోతే మిల్లు అతన్ని ఇంట్లో కూర్చోబెట్టేది. మిగతా ఏడాదంతా ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే. వచ్చిన హుకుంలో ఒక లైను ఆమె కోసమే రాసినట్టుంది. సర్వర్ల దగ్గర పనిచేసే సంవిదా వాళ్లకి సర్టిఫికెట్ లేకపోతే రిన్యూవల్ లేదు. ఆ ఆరుగురికీ సర్టిఫికెట్ అంటే జీతానికి పైన ఒక ముచ్చట. ఆమెకి జీతమే అది.

పుస్తకాలు ఏవి కొనాలో చెప్పమని సాబ్ నన్ను పిలిచాడు. నేను నమ్మేశాను. మా తమ్ముడి కూతురు ఈ రంగంలోనే ఉంటే దాన్ని అడిగి, నాలుగు పుస్తకాలు తెప్పించి, పది రోజులు తిరగేశాను. పుస్తకం ఎంచుకోవడానికి నాకో పద్ధతి ఉంది, మీరూ రాసుకోండి. మనకి బాగా తెలిసిన విషయం ఉన్న అధ్యాయం ముందు తెరవాలి. నాకు తెలిసింది సర్వర్ గది. ఆ అధ్యాయంలో పుస్తకం సరిగ్గా మాట్లాడితే, నాకు తెలియని అధ్యాయాల్లోనూ దాన్ని నమ్ముతాను. అక్కడే తప్పు రాస్తే మిగతాది చూడక్కర్లేదు. రెండోది, సిలబస్ మారాక వచ్చిన అచ్చు అయి ఉండాలి. మూడోది, తప్పు జవాబు ఎందుకు తప్పో చెప్పాలి. ఈ మూడింటికీ నిలబడిన లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది. దాన్ని పట్టుకుని సాబ్ గదికి వెళ్లాను.

సాబ్ దాన్ని చేత్తో ఎత్తి చూసి నవ్వాడు. ఆయన హిందీలో అన్నవన్నీ తెలుగులో రాస్తున్నాను, బూతులు మినహాయించి.

"ఇది చదివేసరికి నా మనవడు రిటైరవుతాడు" అన్నాడు. డ్రాయరు లాగి స్పైరల్ బైండింగు చేసిన కట్ట ఒకటి బల్ల మీద పడేశాడు. "ఇదిగో కుంజీ. మా బావమరిది కోచింగులో దొరికింది. పరీక్షలో వచ్చే ప్రశ్నలు, పక్కన జవాబు అక్షరం. బట్టీ పట్టు, వెళ్లు, రాయి, రా."

ఆ ప్రశ్నలు ఎక్కడివో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఎవరో పరీక్ష రాసి, బయటికి చెప్పనని సంతకం పెట్టి కూడా, బయటికి వచ్చి అమ్ముకున్న సరుకు. ఇంటికి కాపలా పెట్టేవాణ్ని ఎంచడానికి పరీక్ష పెడితే, ఆ పరీక్షనే దొంగిలించి పాసవుతామన్నమాట. ఆ మాటే అన్నాను. సాబ్ పట్టించుకోలేదు. సరే, నా పద్ధతి ప్రకారం కట్ట తెరిచి సర్వర్ గది ప్రశ్న వెతికాను. సర్వర్ గదిలో మంటలు లేస్తే మొట్టమొదట చేయాల్సిన పని ఏది? కుంజీలో జవాబు, బ్యాకప్ టేపులు బయటికి తీసుకురావడం.

"సాబ్, ఇది తప్పు" అన్నాను. "ముందు మనుషుల్ని బయటికి పంపాలి. ఆ తర్వాతే టేపులైనా ఇంకేమైనా. ఏ పుస్తకం తీసినా మొదటి పాఠం ఇదే."

"నువ్వు పాసయ్యావా ఈ పరీక్ష?"

"లేదు."

"ఈ కుంజీ రాసినవాడు పాసయ్యాడు. వెళ్లి పని చూసుకో."

అలా ముగిసింది మా ఆఫీసులో పుస్తకాల ఎంపిక. లావు పుస్తకాన్ని సాబ్ బీరువాలో పెట్టించి తాళం వేయించాడు, ఆడిట్ వాళ్లు అడిగితే చూపించడానికి పనికొస్తుందని.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక మీటింగ్ హాల్లో చదువు మొదలైంది. ఆ చదువు మీరు చూసి ఉండాల్సింది. పిల్లకాయల చేత పంతులుగారు ఎక్కాలు చెప్పించినట్టు, ఒకడు నంబరు చదివేవాడు, మిగతావాళ్లు గొంతెత్తి అక్షరం చెప్పేవాళ్లు. నలభై రెండు? బీ. నలభై మూడు? డీ. మొదటి వారం ప్రశ్న కూడా చదివేవాళ్లు. తర్వాత ప్రశ్న దండగనిపించింది కాబోలు, వదిలేశారు. ఇంటిదగ్గర పిల్లల్ని హోంవర్కు చేయలేదని వాయించే మనుషులు, తలలు నెరిసిన ఆఫీసర్లు, ఊగుతూ ఏ బీ సీ డీలు అప్పజెప్పుకుంటున్నారు. సర్వర్ గదిలోకి వినపడేది. నేను తలుపు వేసుకుని కూర్చునేవాణ్ని.

ఆమెని ఆ హాల్లోకి రానివ్వలేదు. కుంజీ కాపీలు పర్మనెంటు వాళ్లకే తీయించారట. సంవిదా వాళ్లకి స్టేషనరీ ఇచ్చే లెక్క లేదట. ఎవరికి ఉద్యోగం పోతుందో వాళ్లకి కుంజీ కూడా ఇవ్వని న్యాయం మాది. సాయంత్రం బస్సులో నా పక్క సీట్లో కూర్చుని, ఎవరూ వినకుండా తెలుగులో అడిగింది.

"బాబాయ్, ఆ కుంజీ జిరాక్సు ఒకటి నాకు దొరికేలా సూడండి. వర్మాజీని అడిగితే నవ్వతన్నాడు."

వర్మాజీ ఆ ఆరుగురిలో ఒకడు. నేను గట్టిగా కేకలేశాను. బస్సులో అందరూ ఇటు తిరిగారు. ఆమె కిటికీవైపు మొహం తిప్పుకుంది. ఆమెని అన్నందుకు ఇప్పుడు బాధగానే ఉంది, కోపం రావాల్సింది వేరేవాళ్ల మీద. ఊళ్లోకి వచ్చాక ఆమె దిగేముందు అంది.

"మీకు తిట్టడానికి బాగానే ఉంటాది బాబాయ్. నౌకరీ పోతే మాకు కష్టం. నేనేటి సెయ్యాలో అది సెప్పండి, తిట్టడం తర్వాత."

ఆ ఆదివారం ఇద్దరం ఊళ్లో పుస్తకాల షాపులన్నీ తిరిగాం. ఒక్కచోటా ఆ పుస్తకం లేదు. ఒక షాపువాడు కంప్యూటరు నేర్చుకోండి అని బొమ్మల పుస్తకం చేతిలో పెట్టాడు. ఇంకొకడు ఇన్ఫర్మేషన్ అనగానే సమాచార హక్కు చట్టం తీశాడు. మరొకడు పాత అచ్చు ఒకటి ఉందని దుమ్ము దులిపి తెచ్చి, సగం ధరకి ఇస్తానన్నాడు. ఆమె చెయ్యి అప్పటికే సంచీలో పర్సు మీదికి వెళ్లింది. సిలబస్ మారిపోయిందమ్మా, ఇది చదివితే పాత పరీక్ష పాసవుతావు అని ఆపాను. చివరికి బయటి ఊరినుంచి పోస్టులో తెప్పించాం, ఒక్కటే పుస్తకం, కొత్త అచ్చు. ఇంకా రెండు కొందామా అని ఆమె అడిగింది. మూడు పుస్తకాలు ఒక్కోసారి చదివేకన్నా ఒకే పుస్తకం మూడుసార్లు చదవమన్నాను.

ఆమె హిందీ మీడియంలో చదివింది. ఇంగ్లీషు పేజీ తెరిస్తే మొదట్లో ఒక పేరాకి ఒక బస్సు ప్రయాణం పట్టేది. పుస్తకంలో ఉదాహరణలన్నీ ఎక్కడో విదేశాల్లో బ్యాంకులవి. నేను తెలుగులో చెప్పేవాణ్ని, అర్థం కాకపోతే ఆమె హిందీలో అడిగేది. ఒకరోజు ఒకే మనిషి చేతిలో మొత్తం అధికారం పెట్టకూడదు అనే అధ్యాయం దగ్గర ఆగిపోయింది. ఎంత చెప్పినా తలకెక్కలేదు. తర్వాత తనంతట తనే అంది.

"లైన్ క్లియర్ లాంటిదా బాబాయ్? ఈ టేసన్ మాస్టరు ఒక్కడూ బండిని వదల్లేడు. అవతలి టేసనోడు హా అనాల. మా నాన్న రోజూ సెప్పేవోడు."

అదేనన్నాను. ఆ రోజు నుంచి ఆమె పుస్తకాన్ని రైల్వేలోకి మార్చుకుని చదివింది. తాళాలు, కాపలా, ఎవరు ఎక్కడిదాకా రావచ్చు, ప్రమాదం జరిగితే ఎవరికి ముందు కబురు, అన్నీ వాళ్లింట్లో చిన్నప్పటి నుంచి విన్నవే. పుస్తకం రెండోసారి పూర్తయ్యేసరికి నన్నే ప్రశ్నలడిగి తిప్పలు పెట్టేది. ఆ నెలల్లో మాత్రం నాకు కోపం రాలేదు, అది కూడా రాయాలి.

పరీక్ష నాగపూర్‌లో. ఆఫీసు ఏడుగురికీ కలిపి ఒకేసారి ఫీజు కట్టింది, సాబ్ పేరు మీద. ఆరుగురూ ఏసీ బోగీలో వెళ్లారు. ఆమె స్లీపరులో వెళ్లింది. ఏడుగురూ పాసయ్యారు. ఆఫీసులో పెద్ద పండగ. పేడాలు పంచారు. సాబ్ మెడలో దండ వేశారు, ఆయనేదో పరీక్ష రాసినట్టు. హిందీ పేపర్లో ఫొటో పడింది. అందులో ఆమె చివరన, సగం మొహంతో ఉంది. నా దగ్గరికి పేడా తెచ్చి, "బాబాయ్, రిన్యూవల్ ఫైలు మీద సాబ్ సైన్ చేస్తారంట" అంది. ఆమె అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

నెల తిరక్కుండా పరీక్ష పెట్టేవాళ్ల దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. ఈ ఆఫీసు నుంచి వచ్చినవాళ్ల ఫలితాలన్నీ రద్దు చేశాం అని. కారణం కూడా రాశారు. సరైన జవాబులు కలవడంలో వింత లేదు, తప్పు జవాబులు కూడా అక్షరం తేడా లేకుండా కలిశాయి. బయట తిరుగుతున్న దొంగ ప్రశ్నపత్రంలోని తప్పులే అవి. అన్ని తలలూ కలిసి ఒకే తప్పు చేయడం మా ఆఫీసువాళ్లకే చెల్లింది. మంటల ప్రశ్నకి అందరూ టేపులే తెచ్చి ఉంటారు. నాకు ఒక్క క్షణం సంతోషం వేసిందంటే అబద్ధం కాదు. మరుక్షణం ఆ జాబితాలో ఏడో పేరు చూశాను. ఒకే ఆఫీసు, ఒకే ఫీజు రసీదు. ఆమెని కూడా అదే గాటన కట్టేశారు. అభ్యంతరం ఉంటే రాసుకోవచ్చని, ఫీజు కట్టిన అధికారి వివరణ జతచేయాలని మెయిల్లో ఉంది.

సాబ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. ఎక్కాలు చదివిన హాలే. అందరూ ఒకే జవాబు రాయాలని తీర్మానించాడు. మేం ఆఫీసు కొన్న పుస్తకాలే చదివాం, ఇది కంప్యూటరు పొరపాటు అని. బీరువాలోంచి లావు పుస్తకం తీయించి బల్ల మీద పెట్టాడు. దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. కాగితం చేతులు మారుతూ వచ్చి ఆమె ముందు ఆగింది.

"సాబ్, నేను వేరే రాస్తాను" అంది ఆమె, హిందీలో. "నేను ఈ హాల్లోకి రాలేదు కదా. నా పుస్తకం వేరు. ఆ ఒక్క ముక్క మీరు రాసిస్తే చాలు."

"ఏ ముక్క?"

"నేను ఈ చదువులో లేనని."

సాబ్ కళ్లజోడు తీశాడు. "ఏ చదువు అని వాళ్లు అడగరా? నువ్వు లేవు అని రాస్తే మిగతావాళ్లు ఉన్నట్టే కదా. నీ ఒక్కదాని కోసం ఆరుగురి పరువు తీయాలా?"

నేను లేచాను. "ఆరుగురికీ పోయేది పరువు సాబ్. ఈమెకి పోయేది అన్నం" అన్నాను. ఆరుగురిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, తలెత్తలేదు. వాళ్లు దుర్మార్గులు కాదు. అది మరీ మంట. ఆమె పెళ్లికి వచ్చి భోజనం చేసినవాళ్లు, ఆమె చేత నెట్‌వర్కు సమస్యలు సరిచేయించుకుని ఇంటికి వెళ్లినవాళ్లు, ఆ రోజు బల్ల మీద గీతలు లెక్కపెడుతూ కూర్చున్నారు. వర్మాజీ గొంతు సవరించుకుంటే మాట్లాడతాడేమోనని చూశాను. ఏసీ తగ్గించమన్నాడు.

ఆమె ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. నేను ఇంటికి వెళ్లి నా సొంత మెయిల్లోంచి నాలుగు పేరాలు రాశాను. పుస్తకం నేనే కొనిపించాను, ఎలా చదివిందో రోజూ చూశాను, ఈమె తప్పు జవాబులు మిగతావాళ్ల తప్పులతో కలుస్తాయో లేదో మీరే చూసుకోండి అని. హాల్లో ఏం జరిగిందో దాచకుండా రాశాను. దీన్ని ధైర్యం అనకండి. కోపం వచ్చినప్పుడు నా చెయ్యి ఆగదు, అంతే. మెయిలు కాపీ సాబ్‌కి కూడా పంపాను.

వాళ్లు ఆమె జవాబులు విడిగా చూశారు. ఆరుగురి మీదా కొన్నేళ్ల నిషేధం పెట్టి, అధికారి వివరణ లేదు కాబట్టి పాత ఫలితం తిరిగి ఇవ్వలేమని, ఆమెకి మాత్రం మళ్లీ రాసే అవకాశం ఇచ్చారు. ఈలోగా మా సాబ్ చేతిలో ఉన్న పని ఆయన చేశాడు. ఆమె రిన్యూవల్ గడువు దాటనిచ్చాడు. సర్టిఫికెట్ లేదు కదా అన్నాడు, నవ్వుతూ. నన్ను సర్వర్ గదిలోంచి తీసి ఆవక్-జావక్‌లో కూర్చోబెట్టాడు. వచ్చే కవర్లు, పోయే కవర్లు ముద్ర కొట్టే సెక్షను. రిటైరయ్యేదాకా అక్కడే. ఆ ఆరుగురూ నా ముందునుంచే క్యాంటీనుకి వెళ్లేవాళ్లు. వాళ్ల ఉద్యోగాలకి చీమ కూడా కుట్టలేదు.

ఆమె ఇంట్లో కూర్చుని అదే పుస్తకం మూడోసారి చదివింది. మళ్లీ నాగపూర్ వెళ్లింది. పాసయింది.

ఆ కబురు ఎలా తెలిసిందో, సాబ్ నుంచి ఆమెకి ఫోన్ వెళ్లింది, వచ్చి కలవమని. ఆడిట్ నెత్తిమీదికి వచ్చింది. ఆఫీసు మొత్తంలో సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు, ఆమె తప్ప. నన్ను కూడా గదిలోకి పిలిచాడు. ఆమెకి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. పదేళ్ల సర్వీసులో ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. ఆమె సర్టిఫికెట్ కాపీ బల్ల మీద పెట్టింది. రిన్యూవల్ కాగితం ఆయన ముందు సిద్ధంగా ఉంది, పెన్ను కూడా తీసే ఉంది. నాకే ఆశ పుట్టింది.

"ఒక చిన్న పని బేటీ" అన్నాడు సాబ్. "నువ్వు ఇప్పుడే రాసి వచ్చావు. అంతా బుర్రలో తాజాగా ఉంటుంది. ఏ ఏ ప్రశ్నలు వచ్చాయో గుర్తున్నంతవరకు రాసివ్వు. పాత కుంజీలో తప్పులున్నాయి, నీది అసలుది. మనవాళ్లలో వేరే నలుగుర్ని పంపుదాం. రాసివ్వు, ఈ సంతకం ఇప్పుడే పెడతాను."

ఆమె నావైపు చూసింది. సాబ్ కూడా నావైపు చూశాడు. "మీ భాషలో చెప్పు దీనికి. నీ మాట వింటుంది" అన్నాడు. నన్ను ఎందుకు పిలిచాడో అప్పుడు అర్థమైంది.

నా నోట్లోకి వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. కానీ నా ఎదురుగా ఉన్నది మిల్లు మూసిన నెలల్లో ఇల్లు నడిపే మనిషి. నాకు పెన్షన్ వస్తుంది, ఆమెకి రాదు. నీతులు చెప్పే హక్కు నాకు లేదనిపించింది. "అమ్మా, ఆయన అడిగింది నీకు అర్థమయ్యే ఉంటాది. నువ్వు రాసిచ్చినా నేనేమీ అనుకోను. నీ ఇల్లు, నీ ఇష్టం" అన్నాను తెలుగులో.

"తెలుసు బాబాయ్" అంది. తర్వాత సాబ్ వైపు తిరిగి హిందీలోనే చెప్పింది. "ప్రశ్నలు బయట చెప్పనని పరీక్షకి ముందు సంతకం పెట్టాను సాబ్."

సాబ్ నవ్వాడు. "అది అందరూ పెడతారు."

"అందరూ పెట్టారు. నేను చదివి పెట్టాను."

సాబ్ పెన్ను మూత పెట్టాడు. సరే, ఆలోచించుకుని రా, ఇది ఇక్కడ ఉండనీ, ఆడిట్‌కి పనికొస్తుంది అని సర్టిఫికెట్ కాపీ మీద చెయ్యి వేశాడు. ఆమె లేచి, ఆయన చేతికింది నుంచి ఆ కాగితం మెల్లగా లాగి తీసుకుంది. "ఇది నాది సాబ్" అంది. టీ తాగకుండానే బయటికి నడిచింది.

నేనూ ఆమె వెనకే వచ్చేశాను. మెట్లు దిగుతున్నంతసేపూ తెలుగులో సాబ్‌ని ఏడు తరాలు తిట్టాను. బస్సు స్టాపు దగ్గర ఎండ మాడిపోతోంది, చుట్టుపక్కల ఒక్క చెట్టు నీడ లేదు. ఆమె నా తిట్లు వినడం లేదు.

"తిట్టడం ఆపండి బాబాయ్" అంది చివరికి. "సాయంత్రం మా ఆయన తిల్దా నుంచి వచ్చేస్తారు. పొద్దున్న వెళ్తా వెళ్తా, ఈ రోజు నౌకరీ పక్కా కదా అని అడిగి వెళ్లారు. దొరికిందాన్ని నేనే వద్దన్నానని సెప్పాల ఇప్పుడు."

నేను వస్తానమ్మా, నేను చెబుతాను అతనికి, అన్నాను.

"వద్దు. వద్దన్నది నేను కదా. నేనే సెప్పుకుంటాను."

సిటీ బస్సు వచ్చింది. కాగితాన్ని మడత పడకుండా పుస్తకంలో పెట్టుకుని ఎక్కింది. నేను మళ్లీ పైకి వెళ్లి, సాయంత్రం దాకా కవర్ల మీద ముద్రలు కొడుతూ కూర్చున్నాను.